పంచాంగం ప్రెస్సు వెనక డిటెక్టివులు: నవల డైరీ

జూన్, మొదటి వారం

సంవత్సరం ఖాయమైంది. 1906. ఊరు మద్రాసు, ఇప్పటి జార్జిటౌను ప్రాంతం. అక్కడ తెలుగువాళ్లు నడిపే ఒక డిటెక్టివు సంస్థ ఉంటుంది, అది ఉన్నట్టు ఊళ్లో ఎవరికీ తెలీదు. ఇన్నాళ్లూ నా నోట్‌బుక్కులో ఉన్నది ఇంతే.

1914ని వదులుకోవడానికి మనసొప్పలేదు. ఆ ఏడు సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ వచ్చి, రేవు పక్కనున్న బర్మా ఆయిల్ కంపెనీ చమురు ట్యాంకులు తగలబెట్టి పోయింది. మద్రాసు మీద పాతకాలం నవల అంటే చెన్నైలో ఎవరైనా ముందు దాని పేరే ఎత్తుతారు. నేనూ రెండు అధ్యాయాలు ఊహించుకున్నాను. కానీ ఆ రాత్రి పరిశోధించడానికి ఏముంది? ఓడ ఎవరిదో తెలుసు, గుళ్లు ఎక్కడ పడ్డాయో తెలుసు. తర్వాత జనం మూటాముల్లె సర్దుకుని ఊరొదిలి పోయారు. సినిమావాళ్లకి బాగుంటుంది. డిటెక్టివుకి చేతినిండా పని ఉండాలంటే డబ్బు మాయమవ్వాలి, అదీ మర్యాదస్తుల చేతుల్లో మాయమవ్వాలి.

అర్బత్‌నాట్ కంపెనీ అలాంటిదే. మద్రాసులో పేరుమోసిన ఇంగ్లీషు సంస్థ. పెన్షనుదార్లు, విధవలు, వకీళ్లు, జమీందార్లు ఇందులో డబ్బు దాచుకున్నారు. 1906 అక్టోబరు 22, సోమవారం దివాలా తీసింది. దాన్ని నడిపిన సర్ జార్జి అర్బత్‌నాట్‌కి తర్వాత హైకోర్టులో 18 నెలల కఠిన శిక్ష పడింది. మన డబ్బుకి మన బ్యాంకే ఉండాలని వకీలు వి. కృష్ణస్వామి అయ్యర్ లాంటివాళ్లు పట్టుబట్టి 1907లో ఇండియన్ బ్యాంకు పెట్టించారు.

ఇదంతా చరిత్ర పుస్తకాల్లో ఉన్నదే. నన్ను పట్టుకున్నది ఆ సోమవారానికి ముందు రోజు. ఈ కంపెనీతో లంకె ఉన్న లండన్ సంస్థ యజమాని మాక్‌ఫాడియన్ 20వ తేదీ శనివారం అక్కడ రైలు కింద పడి చనిపోయాడు. సోమవారం ఇక్కడ తలుపులు మూశారు. మధ్యలో ఒక ఆదివారం ఉంది. ఆ ఆదివారం మద్రాసులో ఈ కబురు ఎవరికి తెలుసు? తెలిసినవాడు ఏం చేశాడు?

జూన్ చివర

ఆ ఆదివారం ఏం జరిగిందో కుదిరింది. కంపెనీ మునిగిపోయిందని ముందే తెలిసిన పెద్దమనిషి ఒకడు, తన డిపాజిట్ రసీదుని కొంచెం తక్కువ ధరకి ఏమీ తెలియని ఇంకొకరికి అమ్మేస్తాడు. కొన్నది మైలాపూరులో అన్న ఇంట్లో ఉంటున్న ఒక విధవరాలు, తన స్త్రీధనం పెట్టి. మర్నాటికి ఆ కాయితం పొట్లాలు కట్టుకోవడానికి తప్ప పనికి రాదు. అమ్మినవాడు "నాకూ అప్పటికి తెలీదమ్మా" అంటాడు. తెలుసని రుజువు చెయ్యాలి, అంతే కేసు.

పెద్ద దివాలా గుట్టు విప్పడం నా డిటెక్టివుల పని కాదని ఇక్కడే గీత గీసేశాను. అది హైకోర్టు చేసింది. మనవాళ్లు వెళ్లి సర్ జార్జిని పట్టించారని రాస్తే చరిత్ర తెలిసినవాడు పుస్తకం మూసేస్తాడు. పెద్ద దొంగతనం నీడలో జరిగిన చిన్న దొంగతనమే నా వాటా.

పోలీసుల దగ్గరికి ఎందుకు వెళ్లరు అన్న ప్రశ్నకి ఎక్కువ చెమటోడ్చలేదు. ఆండ్రూ ఫ్రేజర్ అధ్యక్షతన 1902–03లో నడిచిన పోలీసు కమిషను తన రిపోర్టులో పోలీసుల లంచగొండితనాన్నీ జనాన్ని పీడించడాన్నీ దాచకుండా రాసింది. ప్రభుత్వం వేసిన కమిషనే ఆ మాట అన్నాక పరువున్న ఇంటి ఆడమనిషి స్టేషను మెట్లెక్కుతుందా? ఆ కమిషను సిఫారసు వల్లే రాష్ట్రాల్లో సీఐడీ విభాగాలు కూడా పుట్టాయి. అంటే నా సంస్థకి అదే కాలంలో ఒక పోటీదారుడూ ఒక ముప్పూ తయారవుతున్నాయి. 1907 మే నెలలో బిపిన్ చంద్రపాల్ వచ్చి మద్రాసు బీచిలో స్వదేశీ ఉపన్యాసాలు ఇచ్చే నాటికి, రహస్యంగా సమాచారం పోగుచేసే ఏ గుంపయినా సర్కారు కంటికి రాజద్రోహుల గుంపే. రహస్యంగా ఉండక తప్పని కారణం దొరికింది. రెండో భాగానికీ పనికొస్తుంది.

జులై

ఎటూ తేలనిది క్లయింటు సంగతి.

షికాగోలో పింకర్టన్ 1850 ప్రాంతంలో ప్రైవేటు డిటెక్టివు ఏజెన్సీ పెట్టి, తెరిచిన కన్ను బొమ్మ గుర్తుగా వేసుకుని, "మేము నిద్రపోము" అని ప్రచారం చేసుకున్నాడు. అంతకుముందే 1833లో పారిస్‌లో, ఒకప్పటి దొంగ విదోక్ ఇలాంటి ఆఫీసే తెరిచాడు. ఇద్దరూ బోర్డు కట్టి కూర్చున్నవాళ్లే. నా సంస్థకి బోర్డు ఉండకూడదు. బోర్డు లేకపోతే వస్తువు పోగొట్టుకున్నవాడు వీళ్లని ఎలా వెతుక్కుంటూ వస్తాడు? "తెలిసినవాళ్లు చెప్పారు" అని ఒకసారి రాయొచ్చు. ప్రతి కేసుకీ అదే రాస్తే ఊరంతటికీ తెలిసినట్టే.

బాబాయ్‌తో ఫోన్లో మాట్లాడుతుంటే తెగింది. ఆయన మింటు వీధి దగ్గర ఒక తెలుగు ప్రెస్సులో కంపోజిటరుగా చేరి ఫోర్‌మన్‌గా రిటైరయ్యాడు. నేను అచ్చాపీసుని ముసుగుగా వాడదామనుకుంటున్నానని చెప్పి, ఉగాదికి ముందు ఏ పని ఎక్కువ ఉండేదని అడిగాను.

"పంచాంగాలేరా. సిద్ధాంతి గారు ప్రూఫులు దిద్దడానికి వచ్చి అక్కడే కూర్చునేవారు. ఆయన కోసం జనం ప్రెస్సుకే వచ్చేసేవాళ్లు. ముహూర్తాలకి, పేరు పెట్టడానికి, వస్తువు పోతే ప్రశ్న చెప్పించుకోడానికి."

వస్తువు పోతే ప్రశ్న! ఇంకేం కావాలి? పోయిన గొలుసు ఏ దిక్కున ఉంది, తీసినవాడు ఇంటివాడా పైవాడా అని సిద్ధాంతిని అడగడం మన ఇళ్లలో ఇవాళ్టికీ ఉంది. గొలుసు ఎప్పుడు పోయిందో, ఇంట్లో ఎవరెవరున్నారో, ఎవరి మీద అనుమానమో అన్నీ అడగకుండానే చెప్పేస్తారు. ఏ పోలీసుకీ అలాంటి వాంగ్మూలం దొరకదు. సిద్ధాంతి అంతా విని "మూడు రోజులాగి రండి" అంటాడు. ఆ మూడు రోజుల్లో ప్రెస్సు మనుషులు ఊళ్లో పడతారు. గొలుసు దొరుకుతుంది, పేరు గ్రహాలకి పోతుంది. డిటెక్టివుల్ని పెట్టుకున్నామని క్లయింటుకే తెలీదు. రహస్యం దానంతట అదే కాపాడుకుంటుంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు, సంతోషంతోనే.

జులై, బాబాయ్ ఇంట్లో

పెరంబూరు వెళ్లి సగం ఆదివారం కూర్చున్నాను. పిన్ని పెసరట్లు వేస్తూనే ఉంది, ఆయన చెబుతూనే ఉన్నాడు. ఇది విడిగా రాసుకోవాలి, నవలకి వెన్నెముక ఇక్కడే ఉంది.

కంపోజిటరు ఎడమచేతిలో స్టిక్కు, అంటే అక్షరాలు పేర్చే చిన్న పట్టీ, పట్టుకుని, కుడిచేత్తో కేసులోంచి (అక్షరాల గళ్లపెట్టెని ప్రెస్సులో కేసు అంటారు) ఒక్కో అక్షరం తీసి పేరుస్తాడు. సీసపు అక్షరం అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంటుంది. అలా చదవడం అలవాటైపోయి, ఎదురు కుర్చీలో ఆఫీసరు రాస్తున్న కాయితాన్ని తలకిందులుగా చదివేయగలడు. అద్దకం కాయితం మీద తిరగబడి అంటుకున్న సంతకాన్నీ చదువుతాడు. ఇంతకంటే మంచి గూఢచారి ఉంటాడా? బాబాయ్ నా ఎదురుగా కూర్చుని నా నోట్సుని అటునుంచే గడగడా చదివి, "నీ చేతిరాత మాత్రం మారలేదురా" అన్నాడు.

తెలుగు కేసు ఇంగ్లీషు కేసులా చిన్నది కాదు. గుణింతాలు, ఒత్తులు, సంయుక్తాక్షరాలు కలిపి వందల గళ్లు. ఏ గడిలో ఏముందో చూడకుండా చెయ్యి వెళ్లాలి. పంచాంగంలో పేజీ అంతా గీతలు, అంకెలు. తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం, వాటి పక్కన ఘడియలు, విఘడియలు. అంకెలు చాలకపోతే ఒక ఫారం, అంటే ఒకేసారి అచ్చుకెక్కే పేజీల కట్టు, అచ్చయ్యేదాకా ఆగి, దాన్ని విప్పి, అక్షరాలన్నీ తిరిగి కేసులో వేసుకుని తర్వాతి ఫారం పేర్చేవారు.

విప్పి తిరిగి వేసుకోవడం అన్నచోట ఆపి మళ్లీ చెప్పించుకున్నాను. అంటే అంచు విరిగిన ఒక '౨' ఈ నెల శుభలేఖలో కనబడుతుంది, వచ్చే నెల పంచాంగంలో కనబడుతుంది, ఆ పైన ఎవరో దొంగచాటుగా వేయించిన కరపత్రంలోనూ కనబడుతుంది. విరుగు రోజురోజుకీ పెరుగుతుంది కాబట్టి ఏది ముందు అచ్చయిందో ఏది తర్వాతో వరస కూడా పెట్టొచ్చు. రెండో కేసు మొత్తం దీనిమీదే. 1867 నాటి ప్రెస్ చట్టం ప్రకారం అచ్చయిన ప్రతిదాని మీదా ముద్రించినవాడి పేరు, ఊరు ఉండాలి. అది లేకుండా కరపత్రం అచ్చు వెయ్యడమే ఒక నేరం. ఇక పేరు లేకపోయినా విరిగిన అంకె సాక్ష్యం చెబుతుంది.

అదే చట్టం వల్ల నాకు ఇంకో మేలు. అచ్చయిన పుస్తకాల ప్రతులు ప్రభుత్వానికి ఇవ్వాలి, వాటి జాబితాని మూడు నెలలకోసారి ప్రచురించేవారు. పుస్తకం పేరు, ప్రెస్సు, ఎన్ని ప్రతులు, వెల ఎంత అన్నీ అందులో ఉంటాయి. నా ప్రెస్సు కల్పితం కాబట్టి, నిజం ప్రెస్సులు ఏం వేసేవో, ఎంతకి అమ్మేవో చూసి దానికి బతుకుతెరువు ఏర్పాటు చెయ్యొచ్చు. 1854లో మొదలైన వావిళ్లవారి ముద్రణాలయం లాంటి పెద్దవాళ్ల పక్కన మనది చిన్న దుకాణం. అప్పుల్లో ఉంటుంది. అప్పులు ఉంటేనే నాకు ఇష్టం, కేసులు ఒప్పుకోవడానికి తొందరపెడతాయి.

ఆగస్టు

పాత్రలు. సిద్ధాంతి. కంపోజిటరు కుర్రాడు. శుభలేఖలు పంచే మనిషి, ఏ వీధిలో ఏ ఇల్లు ఎవరిదో ఇతనికి తెలుసు. ఇంతవరకూ అందరూ మగవాళ్లే, అందరూ వీధి గుమ్మం దగ్గరే ఆగిపోతారు. కేసు మొదలయ్యేది వంటింట్లో కదా.

పింకర్టన్ దగ్గర 1856లో కేట్ వార్న్ అనే ఆవిడ చేరింది. మగ డిటెక్టివులు పోలేని చోట్లకి ఆడవాళ్లు పోగలరని వాదించి ఉద్యోగం సంపాదించుకుందంటారు. మద్రాసులో ఆ మాట ఒకరితో వాదించాల్సిన పనే లేదు. గాజుల మలారం భుజాన వేసుకున్న తాయారమ్మ ఏ ఇంటికైనా పెరటి దోవన వెళ్తుంది, కోడలి చెయ్యి తన చేతిలోకి తీసుకుంటుంది. గాజులు ఎక్కించేంతసేపు ఆ పిల్ల ఎక్కడికీ కదలలేదు. మాట్లాడకుండానూ ఉండలేదు. కొట్టిన దెబ్బలు ముందు కనబడేది కూడా ఈవిడకే.

తాయారమ్మ వచ్చాక సిద్ధాంతి పాత్ర చిన్నదైపోతోంది. కానివ్వండి.

వేలిముద్రలు వాడాలా వద్దా? 1899లోనే సాక్ష్యాల చట్టాన్ని సవరించి వేలిముద్రల నిపుణుడి మాటని కోర్టులో చెల్లేలా చేశారు, కాబట్టి 1906కి అది కొత్త కాదు. పైగా వేలిముద్ర తీసేది అచ్చు సిరాతోనే, ప్రెస్సులో దానికి కొదవా? అయినా వద్దనుకున్నాను. ముద్రలు పోల్చడానికి సర్కారు దగ్గరున్న రికార్డు వీళ్లకి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఒక్కచోట కుర్రాడు సరదాగా తన బొటనవేలు ముద్ర వేసుకుని చూసుకుంటాడు. అక్కడితో సరి.

సెప్టెంబరు

ఇవాళ రాసింది మూడుసార్లు చదువుకున్నాను. గడియారం చిక్కు.

దేశమంతటికీ ఒకటే టైము అని ఇప్పటి ఐఎస్‌టీ 1906 జనవరి 1న అమల్లోకి వచ్చింది. అంతకుముందు మద్రాసుకి తన టైము ఉండేది, అబ్జర్వేటరీ లెక్క ప్రకారం. కొత్త టైముకి అది సుమారు తొమ్మిది నిమిషాలు వెనక. కలకత్తావాళ్లు 1948 దాకా, బొంబాయివాళ్లు 1955 దాకా సొంత టైముని పట్టుకు వేలాడారు. మద్రాసులో అంత గొడవ కనబడదు. కానీ జనవరిలో మారిన టైముకి అక్టోబరు దాకా గోడ గడియారం ముల్లు తిప్పని ముసలాయన ఒక్కడైనా ఉండడా? మా తాతయ్య ఉండేవాడు.

విధవరాలి అన్నగారి ఇంట్లో అలాంటి గడియారం పెట్టాను. రసీదు చేతులు మారింది ఆదివారం నాలుగూ ఐదుకి అని ఇంట్లో అందరూ సాక్ష్యం చెబుతారు, గోడ గడియారం చూసి. అమ్మిన పెద్దమనిషికి లండన్ నుంచి తంతి అందింది నాలుగూ పదికి. అందులో అబద్ధం లేదు, రసీదు పుస్తకంలో తంతి బంట్రోతు వేయించుకున్న టైము ఉంది. "చూశారా, సంతకం అయిన ఐదు నిమిషాలకి నాకు కబురు తెలిసింది" అంటాడు. సంతకాలు జరిగింది పక్కిల్లే, తంతిని గుమ్మంలోనే అందుకుని లోపలికి వచ్చాడు. గోడ గడియారానికి తొమ్మిది నిమిషాలు కలపండి. సంతకం నాలుగూ పద్నాలుగుకి. తంతి జేబులో పెట్టుకుని నాలుగు నిమిషాల తర్వాత కలం పట్టుకున్నాడు.

ఇది సిద్ధాంతికే ఎందుకు తట్టాలి? ఆ ముహూర్తం పెట్టింది ఆయనే కాబట్టి. ఆదివారం నాలుగున్నరకి రాహుకాలం వస్తుంది, ఈలోపు కానిచ్చేయాలని అమ్మేవాడే తొందరపెట్టాడు. పంచాంగంలో ఘడియలు సూర్యోదయం నుంచి లెక్క, ఘడియకి 24 నిమిషాలు, విఘడియకి 24 సెకండ్లు. ఏ గవర్నరు ఏ గడియారాన్ని ఎటు తిప్పినా సూర్యుడు లేచే వేళ మారదు. ఆయన సంతకం వేళని సూర్యోదయాత్ 25 ఘడియల 35 విఘడియలని రాసుకుని ఉంటాడు. ఆ ఇంటి గడియారం చెప్పినదానికీ తన లెక్కకీ ఇరవై రెండు విఘడియలు తేడా వచ్చేసరికి ముందు తన గణితాన్నే అనుమానిస్తాడు, రాత్రంతా మళ్లీ లెక్కలు కడతాడు. ఆ సీను రాయడం హాయిగా ఉంది. అక్టోబరు మూడోవారంలో చెన్నైలో సూర్యోదయం ఇప్పటి టైము ప్రకారం ఆరుకి అటూ ఇటూ, కాబట్టి లెక్క సరిపోయింది.

ఆఫీసులో నా పక్క సీటు తమిళ మిత్రుడికి చెబితే, "తొమ్మిది నిమిషాల కోసం ఇంత కథా? మా బస్సు రోజూ అంతకంటే లేటు" అన్నాడు. అతనికి పుస్తకం ఫ్రీగా ఇవ్వను.

ఇదంతా ఇక్కడ రాసేస్తున్నానేమిటంటే, ఇది మొదటి కేసు మాత్రమే. పుస్తకంలో మూడోవంతు కాకుండానే తేలిపోతుంది. విధవరాలికి డబ్బు ఎలా వస్తుందో చెప్పను.

సెప్టెంబరు, ఒక ఆదివారం పొద్దున్న

మింటు వీధి నుంచి బీచి రోడ్డు జనరల్ పోస్టాఫీసు దాకా నడిచాను. కొత్వాల్ చావడి కూరగాయల మార్కెట్టు 1996లో కోయంబేడుకి వెళ్లిపోయినా అక్కడ ఇరుకు తగ్గలేదు. కన్యకా పరమేశ్వరి గుళ్లో దండం పెట్టుకుని బయల్దేరితే ఇరవై నిమిషాలపైనే పట్టింది. కుర్రాడు పరిగెత్తితే సగం. 1895 నుంచి ఊళ్లో కరెంటు ట్రాములున్నాయి కానీ అణా పైసలు లెక్క చూసుకునే ప్రెస్సు కుర్రాణ్ణి ట్రామెక్కించను. 1884 నాటి పోస్టాఫీసు ఎర్రభవనం అలాగే ఉంది. హైకోర్టు గోపురం మీది లైట్‌హౌస్ దీపం నా కథ నాటికి పన్నెండేళ్లది, రాత్రి వెంటాడే సీన్లో అది తిరిగి తిరిగి గోడల మీద పడాలి.

ఇళ్లు మాత్రం దాదాపు లేవు. ఒక సందులో అరుగు, చెక్క స్తంభాలు మిగిలిన పాత వాకిలి దొరికింది. ముందు ఎల్‌ఈడీ లైట్లు అమ్ముతున్నారు. ఫొటో తీసుకున్నాను, ప్రెస్సు గుమ్మం అదే.

అక్టోబరు

మొదటి కేసు ప్రింటు తీసి పిన్నికి ఇచ్చాను. ఆవిడ పెన్సిల్ పట్టుకుని చదువుతుంది, కనికరం ఉండదు.

"బానే ఉంది గానీ నాయనా, మీ సిద్ధాంతి గారు గ్రహాల్ని నమ్ముతాడా, నమ్మడా? నమ్మితే మనుషుల్ని ఎందుకు పంపుతాడు? నమ్మకపోతే జనాన్ని మోసం చేసినట్టే కదా. అలాంటివాడి పంచాంగం చూసి మా అమ్మ పెళ్లిళ్లు చేసిందా?"

బాబాయ్ నవ్వాడు కానీ నాకు నవ్వు రాలేదు. ఇన్ని నెలలుగా ఆయన్ని తెలివైన ముసుగుగానే చూశాను. ఇంటికొచ్చాక పాత నోట్సులన్నీ తిరగేసి, ఒక పద్ధతి ఆలోచించాను. క్లయింటు వెళ్లగానే సిద్ధాంతి ముందు ప్రశ్న లగ్నం కట్టి, గ్రహాలు చెప్పిన జవాబుని కాలణా కార్డు మీద రాసి, కవర్లో పెట్టి లక్కతో అంటిస్తాడు. ఆ తర్వాతే మనుషుల్ని పంపుతాడు. కేసు తేలాక ఒంటరిగా కవరు విప్పి చూసుకుని, ఒక చిన్న పుస్తకంలో ఒప్పా తప్పా రాసుకుంటాడు. తండ్రి చనిపోయినప్పటి నుంచీ రాస్తున్నాడు. ఆ లెక్క ఎటు మొగ్గుతోందో ఎవరికీ చూపించడు. తాయారమ్మకి ఆ పుస్తకం ఉన్నట్టు తెలుసు. పాఠకులకి చూపించాలా వద్దా ఇంకా తేల్చుకోలేదు. పిన్ని చూపించమంటోంది, బాబాయ్ వద్దంటున్నాడు.

దీనివల్ల మొదటి కేసులో నాలుగు సీన్లు మళ్లీ రాయాలి. గడియారం సీను కూడా మారుతుంది: గణితం సరిగ్గా ఉందని రాత్రి తెలిసిన మనిషి, పొద్దున్న ఆ కవరు విప్పడానికి ఎందుకు భయపడతాడో రాయాలి.

నవంబరు, వానలు

మొదటి కేసు తిరగరాయడం పూర్తయింది. రెండో కేసు, విరిగిన '౨' కథ, సగంలో ఉంది. అందులో ఒక కరపత్రం వాక్యాలు అప్పటి పత్రికల గ్రాంథికంలో కావాలి, మాటలు మాత్రం పాత్రలు మాట్లాడుకునే పట్నం తెలుగులోనే, అరవం, ఉర్దూ కలిసిపోయి. 1885లో మొదలైన ఆంధ్రప్రకాశిక లాంటి పత్రికల పేజీలు చూస్తే ఆ పాతవాక్యం నడక పట్టుబడుతుంది. కన్నెమరా లైబ్రరీకి వెళ్లాలి, వాన ఆగితే.

బాబాయ్ అటక మీద నుంచి ఒక పాత స్టిక్కు తీసి పెట్టాడట, తుప్పు వదిలించాడట. సీసపు అక్షరాలు కాసిని ఎక్కడైనా దొరికితే కరపత్రం మొదటి రెండు పంక్తులు నా చేత పేర్పిస్తానంటున్నాడు. మూర్ మార్కెట్టు పాత సామాన్లవాళ్లని అడిగి పెట్టమని ఇద్దరికి చెప్పాను. ఈలోగా సీఐడీ మనిషి ప్రెస్సుకి మొదటిసారి వచ్చే అధ్యాయం మొదలుపెట్టాలి. అతను కూడా ప్రశ్న చెప్పించుకోడానికే వస్తాడు, అతని సైకిలు పోయింది.